పక్కింటికి పోయిన పడి

విరుదునగర్ నుంచి సామానంతా వ్యానులో వచ్చింది. నేనూ మా అమ్మాయీ బస్సులో వచ్చాం. జూన్ ఒకటో తేదీ, ఆదివారం. పడిని మాత్రం నేను వ్యానుకు అప్పగించలేదు. పాత చీరలో చుట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

పడి అంటే ధాన్యం కొలిచే పాత్ర. మాది ఇత్తడిది. ఎట్టయాపురానికి అవతల, నేను పుట్టిన ఊళ్ళో, పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళకు మా అమ్మ దానితోనే జొన్నలు కొలిచి పోసేది. అంచుకు సమంగా అరచేత్తో రాసి కొలవడం ఆమె పద్ధతి. కొలిచి పోశాక ఒక పిడికెడు విడిగా వేసేది. "కొలత వేరు, ఇచ్చేది వేరు" అనేది. పడి అంచు కింద ఒక పక్క ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది, తమిళ అక్షరాల్లో. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, మా వైపు గిన్నెల మీద పేర్లు తమిళంలోనే చెక్కుతారు. చెక్కేవాడికి వచ్చింది అదే.

మా పుట్టింటికి కోడలిగా వచ్చిన ప్రతి పిల్లా గడప మీద ఆ పడిని కుడికాలితో తన్ని లోపలికి వచ్చింది. వేరే ఊళ్ళలో దానిలో బియ్యం పోస్తారు. మాది వరి పండని నల్లరేగడి, కాబట్టి మా పడిలో జొన్నలు. మా నాయనమ్మ, మా అమ్మ, మా తమ్ముడి భార్య, అందరూ తన్నిన పడే. చివరి రోజుల్లో అమ్మ దాన్ని కొడుకు ఇంట్లో ఉంచకుండా నా చేతికిచ్చింది. "నువ్వయితే పోగొట్టవు. పెండ్లికి మాత్రం తెచ్చియ్యి" అంది. ఆ మొదటి మాటను మా మరదలు ఇప్పటికీ మరిచిపోలేదు.

తమ్ముడి పెద్దకొడుకు పెండ్లి ఆవణి నెలలో, సెప్టెంబరు నాలుగున అని మేము ఇల్లు మారకముందే నిశ్చయమైంది. కొత్త ఊళ్ళో ఏది కుదిరినా కుదరకపోయినా, ఆ రోజుకు పడిని పుట్టింటి గడపకు చేర్చవలసిన పూచీ నాది.

ఊరి పేరు రాయను. తూత్తుకుడికి దక్షిణాన, సముద్రం ఒడ్డున, ఒక కాలేజీ చుట్టూ పెరిగిన చిన్న ఊరు. మా అమ్మాయికి ఆ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆమె పెండ్లి చేసుకోలేదు. మా ఆయన పోయి ఎనిమిదేళ్ళు. ఇద్దరికీ ఒకే పొయ్యి చాలు కాబట్టి, లెక్కల టీచరుగా రిటైరై ఊరికే కూర్చున్న నేనూ వచ్చేశాను.

ఇక్కడ మొదట అలవాటు చేసుకోవలసింది ఉప్పును. గేటు, కిటికీ ఊచలు, కుట్టుమిషన్ సూది, ఇనుపది ఏదైనా సరే వారంలో ఎర్రబడుతుంది. బోరు నీళ్ళలో పప్పు ఉడకదు. తాగే నీళ్ళు క్యాన్లలో వస్తాయి, వంట నీళ్ళు ట్రాక్టరులో. ట్రాక్టరు మంగళ, శుక్రవారాలు వస్తుందని ఇంటి యజమాని చెప్పాడు. అది వచ్చేది బుధ, శనివారాలు. చీర ఆరిందనుకొని తీస్తే మడత పెట్టేసరికి చెమ్మగా తగులుతుంది. విరుదునగర్లో పండగకూ పండగకూ తోమే పడిని ఇక్కడ శనివారం శనివారం చింతపండుతో తోమవలసి వచ్చింది.

ఊరికి పంచాంగం కాలేజీదే. సెలవులిస్తే సగం టీ కొట్లు మూతపడతాయి. పరీక్షలొస్తే జిరాక్సు కొట్ల ముందు నిలబడటానికి చోటుండదు. కూరగాయలమ్మి కూడా మనిషిని చూసి, కాలేజీ జీతమా చేపల పడవా అని ఆలోచించుకొని ధర చెబుతుంది. ఆమె తూకం మిషన్ సున్నా చూపించకముందే వంకాయలు వేస్తే నేను ఆపేదాన్ని. "టీచరమ్మా, మీరు వస్తే నా మిషన్ కూడా పరీక్ష రాసినట్టు వణుకుతుంది" అని తమిళంలో వెక్కిరించేది. నెల తిరగకుండానే నన్ను చూస్తే ముందు మిషన్ నా వైపు తిప్పడం మొదలుపెట్టింది.

పచ్చి చేపను చూసి కొనడం నాకు తెలియదు. మా నల్లరేగడి ఊళ్ళకు వచ్చేది ఎండు చేపే. మొదటివారం నేను బేరమాడి తెచ్చిన చేపను మా అమ్మాయి ముక్కు మూసుకొని తీసుకెళ్ళి కుక్కకు వేసింది. కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది.

ఇవన్నీ ఎలాగో కుదురుకున్నాయి. కుదరనిది ఒకటే. అమ్మాయి పొద్దున కాలేజీకి వెళ్తే సాయంత్రం దాకా నాకు తెలుగు మాట లేదు. తమిళం నాకు పరాయిది కాదు, నా ఉద్యోగమంతా దానిలోనే చేశాను. కానీ తలనొప్పి వచ్చినప్పుడు ఏ భాషలో మూలుగుతామో ఆ భాషలో మాట్లాడటానికి ఒక మనిషి కావాలి. విరుదునగర్లో మా వీధిలో నలుగురైదుగురు ఉండేవాళ్ళు. ఇక్కడ ఎవరూ లేరనుకున్నాను.

ఒక సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే నా జాకెట్టు ఒకటి గాలికి ఎగిరి రోడ్డవతల పడింది. "పో, ఆ సముద్రంలోనే పడి సావు" అని తిట్టాను. పక్క మేడ మీద ఎవరో పకపకా నవ్వారు. చూస్తే ముప్పై అయిదేళ్ళుండే ఆవిడ.

"మీరు తెలుగువాళ్ళాండీ?"

"తెలుగే. ఆనా మేము ఈడోళ్ళమే. కోవిల్పట్టి పక్క."

"అయ్యబాబోయ్! మూడేళ్ళయిందండీ మేమీ ఊరొచ్చి. బయట తెలుగు మాట వినడం ఇదే మొదలు. అదీ తిట్టు!"

వాళ్ళది భీమవరం వైపు. ఆమె భర్త అదే కాలేజీలో రొయ్యల పెంపకం చెబుతాడు. ఆరో తరగతి చదివే కూతురుంది. మా రెండు మేడల మధ్య మోకాలెత్తు పిట్టగోడ మాత్రమే ఉంది. మరునాడు పొద్దున ఆమె కనిపించగానే నేను మర్యాదగా పలకరించాను.

"ఏమ్మా, కూడు తింటివా?"

ఆమె మొహం మాడిపోయింది. తర్వాత నెమ్మదిగా, "మామ్మగారూ, ఏమనుకోకండేం. మా వైపు ఆ మాట కోపంలోనే అంటారండి. పనిచెయ్యని మొగుణ్ణి అంటారు" అంది.

"మా కాడ కూడంటే కూడే. మీరేమంటారు?"

"అన్నం తిన్నారా అంటాం."

"పొద్దున ఇడ్లీ తింటే?"

"టిఫిన్ చేశారా అంటాం."

"తినిందాన్ని పట్టుకొని చేసినావా అంటే ఎట్లమ్మా? చేసినోళ్ళు ఎవురో, తినినోళ్ళు ఎవురో!"

ఆమె నవ్వి పిట్టగోడ మీద కూర్చుంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు మా ఇద్దరికీ అక్కడే. నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చునని తెలిసి ఆమె ఆశ్చర్యపోయింది. మా చిన్నప్పుడు కోవిల్పట్టిలో నేను చదివిన బడిలో తెలుగు ఒక పాఠంగా ఉండేది. మా అమ్మాయి కాలానికి ఆ పాఠం పోయింది. ఆమెకు మాట్లాడటమే వచ్చు, అదీ ఇంట్లోనే. నేను మాత్రం ఆనాటి నుంచి దొరికిన తెలుగు పుస్తకమల్లా చదువుతూనే ఉన్నాను. "మీరు రాస్తే మా వాళ్ళలాగే ఉంటుంది, నోరు తెరిస్తేనే మా తాతమ్మ గుర్తొస్తుంది" అనేది పక్కింటావిడ.

ఆమె కూతురు నాకు ఒత్తులు నేర్పాలని పట్టుబట్టింది.

"మామ్మా, ఖర్చు అనండి."

"కర్చు."

"కర్చు కాదు. ఖ! ఖర్చు!"

"ఒత్తు పెడితే కర్చు తగ్గుతాదా పాపా?"

దానికి బదులుగా నేను ఆ పిల్లకు భిన్నాలు చెప్పాను. వాళ్ళ మాటకూ మా మాటకూ తేడా దొరికినప్పుడల్లా ముగ్గురం నవ్వుకున్నాం. నెల తిరిగేసరికి తేడాలన్నీ దొరికిపోయాయనే అనుకున్నాం.

జూలైలో ఆ పిల్ల బడిలో ప్రదర్శన పెట్టారు. పిల్లకు వచ్చిన అంశం పాతకాలపు కొలతలు. శనివారం నేను తోమి ఎండలో బోర్లించిన పడి పిల్ల కంట్లో పడింది. నేను సామాన్యంగా దాన్ని ఎవరికీ ఇవ్వను. కానీ లెక్కల కోసం అడిగిన పిల్లను కాదనలేకపోయాను. తడి తగలనివ్వవద్దు, ఉప్పు పోయవద్దు, వేరే చేతికి ఇవ్వవద్దు అని చెప్పి ఇచ్చాను. జొన్నలు పోసి, అంచుకు సమంగా అరచేత్తో ఎలా రాయాలో చూపించాను. పిల్లకు మొదటి బహుమతి వచ్చింది.

మరునాడు సాయంత్రం నేను బట్టలు తీసుకొని గబగబా మెట్లు దిగుతున్నాను, పొయ్యి మీద పాలున్నాయి. పక్కింటావిడ పిట్టగోడ దగ్గర నుంచి పిలిచింది.

"మామ్మగారూ, మీ పడి తెచ్చిమ్మంటారా?"

"అవసరం లేదమ్మా."

"నిజంగానా మామ్మగారూ?"

"నిజంగానే. అవసరమే లేదు" అని కిందికి వచ్చేశాను. పాలు పొంగలేదు.

ఆదివారం ఆమె పళ్ళెంలో కుంకుమ, పూతరేకులు, ఒక నేతచీర పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. నాకు దండం పెట్టింది, పిల్ల చేత పెట్టించింది.

"చీర ఏంటికమ్మా?"

"మీరు చేసినదాని ముందు ఇదెంతండీ" అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

భిన్నాలు చెప్పినందుకు ఇంత మర్యాదా అనుకున్నాను. అరుప్పుకోట్టై మగ్గాలు చూసిన దాన్ని, అంచు పట్టుకుంటేనే అది మంచి చీరని తెలిసింది. తీసుకొని ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. అరుప్పుకోట్టై నుంచి ఒక చీర తెప్పించి ఆమెకు పెట్టాను. ఆమె రొయ్యల పచ్చడి పంపింది. ఆ సీసాలో నేను కోవిల్పట్టి వేరుశనగ మిఠాయి పోసి పంపాను. ఆగస్టు నడుమ దాకా, ఆడి నెలంతా పిట్టగోడ దాటిన గిన్నె ఏదీ ఖాళీగా దాటలేదు. పడి మాత్రం దాటలేదు. అడగడానికి నాకు మొహమాటమైంది. ఇచ్చేవాళ్ళు పెండ్లి లోపు ఇస్తారులే అనుకున్నాను.

ఆగస్టు ఆఖరివారంలో తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పడి తోమి పెడితివా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు మరదలు ఫోన్ అందుకుంది.

"ఏమి వదినే, పడి ఉండాదా, సముద్రం తీసకపోయిందా?"

"ఉండాది. పక్కింట్లో ఉండాది."

"పక్కింట్లోనా! అత్త నాకియ్యకుండా నీకిచ్చింది పక్కింట్లో పెట్టేదానికా?"

"పెండ్లికి తెస్తాను. పెట్టు ఫోను."

అప్పటికప్పుడు పక్కింటికి వెళ్ళాను. పడి వాళ్ళ హాల్లో అద్దాల బీరువాలో, పిల్ల బహుమతి కాగితం పక్కన మెరుస్తూ ఉంది. నేను తోమినదానికంటే బాగా తోమారు.

"అమ్మా, పడి ఇస్తివంటే తీసకపోతాను. మా తమ్ముని ఇంట్ల పెండ్లి" అన్నాను.

ఆమె బీరువా వైపు చూసింది. "పెళ్ళికా... ఎన్ని రోజులకండీ?" అంది.

"ఎన్ని రోజులేమి? మాది కదా."

"మామ్మగారూ, మీరే కదా అవసరం లేదన్నారు?"

"అవును. అప్పుడు అవసరం లేదు. ఇప్పుడు అవసరం."

పక్కగదిలోంచి పిల్ల వచ్చి నిలబడింది. "ఇచ్చేసింది మళ్ళీ అడుగుతారా మామ్మా?" అంది. తల్లి దాని భుజం మీద ఒకటి వేసి, బీరువా తెరిచి, పడిని కొత్త తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చింది. కూర్చోమని అనలేదు.

ఇంటికి తెచ్చి విప్పాను. మా అమ్మాయి చేతిలోకి తీసుకొని తిప్పి, "ఇదేమిమ్మా, ఈ పక్క కొత్తగా రాసి ఉండాది?" అంది. చదివాను. తెలుగు అక్షరాల్లో పక్కింటి పిల్ల పేరు. ఒక దీర్ఘం తప్పింది. పక్కింటావిడ కాగితం మీద రాసిస్తే, తెలుగు రాని గిన్నెల కొట్టువాడు చూసి చెక్కి ఉంటాడు.

"అరువు తీసకపోయిన సామాను మింద పేరు సెక్కించుకుంటారా ఎవురన్నా!" అన్నాను.

"ఇచ్చేసినావనుకున్నారేమో."

"నేను ఎప్పుడిచ్చేసినాను?"

"నన్నడిగితే? నువ్వే యోచించు" అని మా అమ్మాయి పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పక్క మేడ మీదికి ఎవరూ రాలేదు. వాళ్ళ బట్టలు ఆరేసే వేళ కూడా మారిపోయింది. నేను మేడ ఎక్కాక వాళ్ళ మెట్ల తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేది. పడి నా దగ్గరికి వచ్చింది, మాట పోయింది. నాకూ కోపముంది. అయినా సాయంత్రం అయితే కాళ్ళు మెట్ల వైపే వెళ్ళేవి.

పెండ్లికి వెండి కుంకుమభరిణె కొనడానికి తూత్తుకుడి బస్సెక్కాను. కాలేజీ స్టాపులో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కబోయారు. కండక్టర్ తల బయటపెట్టి, "అవసరప్పడాదీంగ! అవసరం ఇల్లై!" అని అరిచాడు. తొందరపడకండి, తొందర లేదు అని. రోజూ వినే మాటే.

లెక్క తేలకపోతే మొదటి మెట్టు నుంచి మళ్ళీ వేసి చూడమని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ మెట్ల మీద పొయ్యి మీది పాల గురించి ఆలోచిస్తూ నేను అన్న మాటను మళ్ళీ చెప్పుకున్నాను. తెచ్చిమ్మంటారా? అవసరం లేదు. మా ఇంట్లో, మా ఊళ్ళో, మా నాయనమ్మ నోట్లో కూడా అవసరం అంటే తొందరే. తమిళం పక్కన ఇన్ని తరాలు బతికి ఆ మాటకు తమిళం అర్థమే మిగిలింది. పుస్తకాల్లో అవసరం అన్న మాట నేను ఎన్నోసార్లు చదివాను. కళ్ళకు దాని అర్థం తెలుసు, నోటికి తెలియదు.

తర్వాతి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి నడిచి, తిన్నగా పక్కింటి తలుపు కొట్టాను.

"అమ్మా, ఒక మాట అడగాల. మీ ఊళ్ళో అవసరం అంటే ఏమి?"

ఆమె అనుమానంగా చూసింది. "అవసరమంటే... కావలసి రావడం అండి. అవసరం లేదంటే అక్కర్లేదని."

"మా ఊళ్ళో అవసరమంటే తొందర."

"అయితే ఆ రోజు మీరన్నది... తొందర లేదనా?"

"అవును."

ఆమె గుమ్మంలోనే చతికిలబడి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా రాత! మా అత్తగారికి ఫోన్ చేసి మరీ చెప్పానండీ. ఇక్కడో మామ్మగారు పుట్టింటి పాత్ర మా పిల్లకిచ్చేశారు, ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారని. చీర కూడా పెట్టాను!"

"చీర తిరిగి తెచ్చియ్యమంటావా?"

"అవసరం లేదండీ."

"ఏ ఊరి అవసరం?"

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకొని, లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చింది. పిల్ల మాత్రం నవ్వలేదు. కుర్చీ వెనక నిలబడి, "పేరు చెక్కించేశాం కదా. ఇప్పుడు అరగదీయించేస్తారా?" అంది.

"అరగదీస్తే ఇత్తడి పలచబడతాది. ఉండనీ."

"మరి మీవాళ్ళు తిట్టరా?"

"తిడతారు. నువ్వూ రా, సగం నువ్వు తిను" అన్నాను. తల్లినీ కూతురినీ పెండ్లికి పిలిచాను.

ముందురోజే ముగ్గురం కోవిల్పట్టి మీదుగా ఊరికి చేరాం. మా అమ్మాయి సెలవు దొరకక పెండ్లిపొద్దున వచ్చింది. వాకిట్లో అడుగు పెట్టగానే మరదలు పడిని నా చేతిలోంచి తీసుకొని, వెలుతురులో తిప్పి చూసింది.

"ఇదేమి వదినే, జిలేబీ సుట్టినట్ట?"

"తెలుగు."

"మన తెలుగా?"

మా తమ్ముడు అక్షరాల మీద వేలు పెట్టి జరుపుతూ పోయాడు. వాడు నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టాడు, చదివింది తమిళంలోనే. ఆ ఇంట్లో ఆ రోజు చేరిన బంధువుల్లో ఆ పేరు చదవగలిగిన వాళ్ళు ఎవరూ లేరు. దేవుని పేరని చెప్పినా నమ్మి కళ్ళకద్దుకొనేవాళ్ళు. "ఏమి రాసి ఉండాదక్కా?" అని తమ్ముడు అడిగితే, "ఈ పాప పేరు" అని పిల్లను ముందుకు తోశాను. జరిగింది చెప్పాను.

మరదలికి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. ఆమెకు అవసరానికి ఇంకొక అర్థం ఉందన్నదే నమ్మశక్యం కాలేదు. "తొందర లేదంటే మాకొద్దని ఎట్లమ్మా అనుకుంటారు?" అని పక్కింటావిడను నిలదీసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు పోగొట్టవని అత్త ఇచ్చింది. నువ్వేమో ఊరోళ్ళ పేరు ఎక్కించుకొని వచ్చినావు."

"పోలేదు కదా. నీ చేతిలోనే ఉండాది."

"సరి, అది ఉండనీ. అత్త పేరు మింద కాలు పడకూడదని ఆ పక్క లోపలికి తిప్పి పెడతాము. ఇప్పుడు ఆ పక్కొక పేరు, ఈ పక్కొక పేరు. పెండ్లికూతురు ఏ పక్క తన్నేది?"

నేను పడిని తీసుకొని గడప మీద పెట్టి పావు వంతు తిప్పాను. "ఒక పేరు ఈ గోడను సూస్తాది, ఒక పేరు ఆ గోడను సూస్తాది. కాలు నడమ పడతాది."

మరదలు వంగి రెండు పక్కలా చూసుకొని పిల్ల వైపు తిరిగింది.

"కూడు తింటివా, పాపా?"

తల్లి, పిల్ల ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తినలేదు. ఆకలేస్తాంది" అంది పిల్ల. ఆ 'ఏస్తాంది' నా దగ్గర నేర్చిందే.

మరునాడు పెండ్లికూతురు గడప దగ్గర నిలబడి, మెల్లగా తన్నింది. పడి లోపలికి ఒరిగి జొన్నలు నడవ దాకా చిమ్మాయి. చిమ్మిన గింజలు ఎత్తేది పెండ్లికాని ఆడపిల్లలు. మా బంధువుల పిల్లలతో పాటు పక్కింటి పిల్లా మోకాళ్ళ మీద కూర్చొని ఎత్తింది. పడి నిండాక అరచేత్తో అంచుకు సమంగా రాసింది. ఆ పని ఎవరు నేర్పారని మా తమ్ముడు అడిగితే నా వైపు వేలు చూపించింది.

బయలుదేరేటప్పుడు పడిని మరదలి దగ్గరే వదిలేద్దామని ఆమె చేతిలో పెట్టాను. ఆమె మనసులో ఇన్నాళ్ళ కొరత తీరుతుందనుకున్నాను. ఆమె తిప్పి తిప్పి చూసింది.

"ఈ జిలేబీని పెట్టుకొని నేనేమి సేసేది? వచ్చినోళ్ళకంతా కత చెప్పలేను. నువ్వే తీసకపో. పెండ్లికి మాత్రం తెచ్చియ్యి" అంది.

అది మా అమ్మ నాతో అన్న మాటేనని ఆమె గమనించలేదు.

బస్సులో పడి పిల్ల ఒళ్ళో ఉంది. నేను ఇవ్వలేదు, ఆ పిల్ల అడగలేదు. కిటికీ పక్కన కూర్చుంటానని మారేటప్పుడు అలా చేరింది. ఎట్టయాపురం దాటాక మా అమ్మాయి నా చెవిలో, "వాండ్లు ఎప్పుడన్నా భీమవరం పోయేస్తారు కదా?" అంది. "రైలుండాది" అన్నాను. మా అమ్మాయికి ఆ పడి మీద ఆశ లేదు. దానిలో పెన్నులు పెట్టుకోవచ్చునని ఒకసారి అన్నది.

ఆ శనివారం చింతపండుతో ఎలా తోమాలో పిల్లకు చూపించాను. సముద్రం గాలికి వారం తప్పితే నల్లబడుతుందని చెప్పాను. తుడిచి ఆరబెట్టి, ఖాళీ గిన్నె దాటించకూడదు కాబట్టి ఒక పిడికెడు జొన్నలు వేసి పిట్టగోడ మీదుగా అందించాను. తమ్ముడి చిన్నకొడుకు ఇంకా చదువుతున్నాడు, వాడి పెండ్లికి గడప మీదికి రావాలి అని షరతు పెట్టాను.

పిల్ల పడిని రెండు చేతులా పట్టుకొని తల్లి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"పెళ్ళయ్యాక మళ్ళీ మీకు తెచ్చివ్వాలా మామ్మా?"

"అవసరం లేదు."

"ఏ అవసరం?"

"రెండూ."